సంఘ పెద్దగా నిలబడమంటున్నారు, ఈ ఎనిమిది నెలలు ఎలా సిద్ధపడాలి?

ఉప్పల్ తమ్ముడు (ఆదివారం, రాత్రి 11:20)

అందరికీ వందనాలు. నాకు 33 ఏళ్లు. హైటెక్ సిటీలో ఉద్యోగం, ఉప్పల్‌లో ఇల్లు. మా సంఘం చిన్నదే, ఆదివారం నూట యాభై మంది దాకా వస్తారు. ఈ రోజు ఆరాధన అయ్యాక పాస్టరుగారు నన్ను పక్కకు పిలిచి, "వచ్చే ఈస్టర్ తర్వాత నిన్ను సంఘ పెద్దగా నిలబెట్టాలనుకుంటున్నాం, ప్రార్థన చేసుకో" అన్నారు. ఇంటికి వచ్చేదాకా సంతోషంగానే ఉంది. పడుకున్నాక టెన్షన్ మొదలైంది.

ఉన్నదున్నట్టు చెప్తాను. నాకు మాట్లాడటం వచ్చు. యూత్ మీటింగులో వాక్యం చెప్తే జనం వింటారు. అయిపోయాక వెంటనే వెళ్లిపోకుండా తలుపు దగ్గర ఆగుతాను. చెప్పులు వేసుకుంటున్నట్టు వంగి, ఎవరైనా "బాగా చెప్పావు బ్రదర్" అంటారేమోనని చూస్తాను. పోయిన నెల మా సంఘంలోనే ఇంకో అబ్బాయి వాక్యం చెప్పాడు. నాకంటే చిన్నవాడు. నాకంటే బాగా చెప్పాడు. అందరూ ఆమెన్ అన్నారు. నాకు మాత్రం నోరు రాలేదు. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

ప్రార్థన సంగతి కూడా చెప్పాలి. పొద్దున ఆఫీసు క్యాబ్‌లో కళ్లు మూసుకున్న ఐదు నిమిషాలే నా ప్రార్థన. ఉప్పల్ దాటేలోపు నిద్ర పట్టేస్తుంది.

ఇలాంటివాడు పెద్దగా నిలబడొచ్చా? నిలబడాలంటే ఈ ఎనిమిది నెలలు ఏం చేయాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఈసీఐఎల్ సోదరుడు (ఆదివారం, రాత్రి 11:48)

తలుపు దగ్గర ఆగే సంగతి చదివి నా గుండె ఆగింది తమ్ముడూ. ఇరవై ఏళ్లుగా నేనూ ఆగుతున్నాను.

రైల్వే పెద్దాయన (సోమవారం, ఉదయం 5:35)

బాబూ, నాకు 71. లోకో పైలట్‌గా రిటైరయ్యాను. సికింద్రాబాద్‌లో సంఘ పెద్దగా చాలా ఏళ్లు ఉన్నాను. నీ మాటలు తెల్లవారుజామున చదివి మోకాళ్ల మీద నీకోసం ప్రార్థన చేసి ఇది రాస్తున్నాను.

నీకు అజరయ్య గారి సంగతి చెప్పాలి. సికింద్రాబాద్ నుంచి కాజీపేట మీదుగా విజయవాడ పోయే దారిలో డోర్నకల్ జంక్షన్ ఉంది. డ్యూటీలో ఎన్నోసార్లు అక్కడ దిగాను. దిగినప్పుడు వీలైతే ఆయన కట్టించిన కెథెడ్రల్, అంటే బిషప్ గారి పెద్ద చర్చి దాకా నడిచి వెళ్లేవాణ్ణి. 1939 జనవరి 6న దాన్ని ప్రతిష్ఠించారు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు, తిరునెల్వేలి వైపు ఒక ఊరి పాస్టరు కొడుకు. వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువకుల సంఘానికి కార్యదర్శిగా దక్షిణాదంతా తిరిగి మంచి పేరు తెచ్చుకున్నాడు. 1909లో ఆ పదవి వదిలేసి అప్పటి నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కి మిషనరీగా వచ్చాడు. చుట్టూ ఉన్న పల్లెలన్నీ తెలుగు పల్లెలు. ఆయన మాతృభాష తమిళం. సభల్లో గొప్పగా మాట్లాడే మనిషి, దాదాపు 35 ఏళ్ల వయసులో, అ ఆల దగ్గర మొదలుపెట్టాడు.

నేను ఎప్పుడూ ఆ దృశ్యమే ఊహించుకుంటాను. పేరున్న వక్త పల్లెజనం ముందు నిలబడి తప్పు తెలుగు మాట్లాడుతుంటే పిల్లలు నవ్వి ఉంటారు. ఆ నవ్వు భరించినవాడు 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చికి చెందిన) సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. అయ్యాక పెద్ద నగరానికి వెళ్లలేదు. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా డోర్నకలే ఆయన ఊరు. ఎడ్లబండి మీద పల్లెలు తిరిగేవాడు.

ఇందులో నీకు పనికొచ్చే మాట ఒకటుంది. నీకు మాట్లాడటం వచ్చు అన్నావు. అయితే ఈ ఎనిమిది నెలలు దాన్ని పెంచుకోకు. నీకు రానిది నేర్చుకో. సంఘంలో ఎవరో ఒకరి దగ్గర శిష్యుడిగా కూర్చో, వాళ్లు నీకంటే తక్కువ చదివినవాళ్లయితే మరీ మంచిది.

వేదాంత విద్యార్థి (సోమవారం, మధ్యాహ్నం 1:10)

పెద్దాయన గారికి వందనాలు. నేను నగరంలో బి.డి. (వేదాంత డిగ్రీ) చదువుతున్నాను. అన్నతో ఒక విషయంలో జాగ్రత్తగా ఉండమని చెప్పాలనుంది. "ప్రార్థన ఉంటే చాలు, చదువు ఎందుకు" అని మన సంఘాల్లో చాలామంది అంటారు. చదవకుండా నిలబడినవాడు తన ఊహనే వాక్యం అనుకుంటాడు. అందులోనూ గర్వం ఉంది. ఎజ్రా గురించి బైబిల్ చెప్పే వరస చూడండి (ఎజ్రా 7:10). ముందు ధర్మశాస్త్రాన్ని పరిశోధించాలి, తర్వాత దాని ప్రకారం నడవాలి, ఆ తర్వాతే నేర్పాలి. మనం మధ్యది వదిలేసి మొదటి దాని నుంచి మూడోదానికి దూకుతాం.

మొదటి ఏడాది గ్రీకు క్లాసులో నన్ను పట్టుకున్న సంగతి ఒకటి. కొత్త నిబంధన కాలపు గ్రీకు లోకంలో "తగ్గినవాడు" అనే మాట, మనం అణకువ గలవాడు అనేది, గౌరవం కాదు. బానిసలకు, దిక్కులేనివాళ్లకు వాడే మాట. "పరిచారకుడు" అని మనం చదివేది డయాకోనోస్, అంటే బల్ల దగ్గర వడ్డించే మనిషి కూడా. మార్కు 10లో శిష్యులు యాకోబు, యోహాను ప్రభువుకు కుడివైపు ఒకటి ఎడమవైపు ఒకటి కుర్చీలు అడిగారు. ప్రభువు వాళ్లకు చెప్పింది వడ్డించేవాడి పని గురించి.

కాపరి ఇల్లాలు (సోమవారం, రాత్రి 9:45)

తమ్ముడూ, నేను బోరబండ వైపు ఒక చిన్న సంఘ కాపరి భార్యను. రేకుల షెడ్డులో ఆరాధన. చదువులు, గ్రీకు నాకు తెలియవు. కళ్లతో చూసినది ఒకటి చెప్తాను.

రెండేళ్ల కింద ఒక శనివారం పొద్దున మా సంఘంలో ఆటో నడిపే తమ్ముడికి యాక్సిడెంట్ అయి చనిపోయాడు. మా ఆయన ఆ ఇంటివాళ్లతో గాంధీ ఆసుపత్రి మార్చురీ దగ్గర రోజంతా కూర్చున్నారు. వాక్యం చెప్పడానికి లేదు, పాడటానికి లేదు. ఫారాలు నింపడం, ఆ తల్లికి నీళ్లు పట్టడం, పోలీసు ఏం అడుగుతున్నాడో ఆమెకు అర్థమయ్యేలా చెప్పడం. అంతే. శరీరం ఇచ్చేసరికి చీకటి పడింది. ఇంటికి వచ్చేసరికి పదిన్నర. బయట కుళాయి దగ్గరే స్నానం చేసి, చల్లారిపోయిన అన్నంలో పచ్చిపులుసు పోసుకుని తిన్నారు. బైబిల్ ముందు పెట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయారు.

మర్నాడు ఆరాధనలో లేచి నిలబడి, "ఈ రోజు నేను ప్రసంగానికి సిద్ధపడలేదు, నన్ను క్షమించండి, ఒక కీర్తన చదువుకుందాం" అన్నారు. 130వ కీర్తన. "యెహోవా, అగాధస్థలములలోనుండి నేను నీకు మొఱ్ఱపెట్టుచున్నాను." రెండుసార్లు చదివి కూర్చున్నారు. ఆ తల్లి ముందు వరసలో చాప మీద ఉంది. ఎప్పుడూ బిగ్గరగా ఏడ్వని మనిషి ఆ రోజే ఏడ్చింది. మా సంఘంలో అంతకంటే మంచి ప్రసంగం నేను వినలేదు.

సిద్ధపాటు అంటే రాత్రి కూర్చుని రాసుకునే నోట్సు అనుకునేదాన్ని. ఆ శనివారం ఆయన సిద్ధపడ్డారని ఇప్పుడు అనుకుంటున్నాను.

నీకు పెళ్లయిందా? అయితే ఒక్కటి అడుగుతాను. మీ ఆవిడ నీ తప్పు నీ ముఖం మీద చెప్పగలదా? చెప్పాక ఆ పూట ఇంట్లో ఎలా ఉంటుంది? సంఘ పెద్ద తన ఇంటిని ఎలా నడుపుకోవాలో 1 తిమోతి 3లో ఊరికే రాయలేదు.

కూకట్‌పల్లి చెల్లి (మంగళవారం, ఉదయం 8:20)

అందరూ బాగా రాస్తున్నారు. కానీ నాకు మనసులో బరువుగా ఉంది, చెప్పకపోతే అబద్ధం అవుతుంది.

నేను స్కూల్ టీచర్‌ని. పన్నెండేళ్లుగా సండేస్కూల్ నడుపుతున్నాను. మా సంఘంలో తగ్గింపు అనే మాట ఎప్పుడు వినబడుతుందో తెలుసా? కానుకల లెక్క చూపించమని ఎవరైనా అడిగినప్పుడు. పాస్టరుగారి అబ్బాయిని యూత్ లీడర్ చేసినప్పుడు ఎవరో ఎందుకు అన్నప్పుడు. మహిళల తరఫున కమిటీలో ఒకరిని పెట్టమని నేను అడిగినప్పుడు, "సిస్టర్, తగ్గించుకోవడం నేర్చుకోండి" అన్నారు. అందరి ముందు అన్నారు. ఇంటికొచ్చి బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చాను, అత్తయ్యకు వినబడకూడదని.

తరతరాలుగా ఊరి బయట ఉండి, "దొర", "బాంచన్" అని వంగి వంగి బతికిన మా తాతముత్తాతలకు ప్రభువు తల ఎత్తుకోవడం నేర్పాడు. అలాంటివాళ్ల పిల్లలకు మళ్లీ వంగమని చర్చిలో చెప్తే నాకు భయమేస్తుంది. తగ్గింపు పైనున్నవాళ్లకా, కింద ఉన్నవాళ్లకా?

రైల్వే పెద్దాయన (మంగళవారం, ఉదయం 9:05)

అమ్మా, నిన్ను అలా అన్నవాళ్ల తరఫున, నా వయసులో ఉన్న పెద్దలందరి తరఫున క్షమించమని అడుగుతున్నాను. నేను కూడా ఒకప్పుడు ఒక ఆడపిల్లతో అలాంటి మాటే అన్నాను. ఆ అమ్మాయి మళ్లీ మా సంఘానికి రాలేదు.

వేదాంత విద్యార్థి (మంగళవారం, మధ్యాహ్నం 2:30)

అక్కా, మీ ప్రశ్నకు జవాబు పైనున్నవాళ్లకే. నేను మొదట రాసినప్పుడు ఇది చెప్పి ఉండాల్సింది. ప్రభువు కుర్చీల గురించి మాట్లాడింది కుర్చీలు అడిగినవాళ్లతో. ఫిలిప్పీ 2లో తన్ను తాను తగ్గించుకున్నవాడు దేవుని స్వరూపం కలిగినవాడు. పేతురు "ప్రభువులైనట్టుండక" అని రాసింది మందతో కాదు, పెద్దలతో (1 పేతురు 5:3).

మోషే "మిక్కిలి సాత్వికుడు" అని సంఖ్యాకాండము 12:3లో ఉంది. అదే మోషే దగ్గరికి సెలోపెహాదు కూతుళ్లు ఐదుగురు వచ్చారు. సమాజమంతటి ముందు నిలబడి, మా తండ్రి స్వాస్థ్యం (ఆస్తి వాటా) మాకెందుకు రాకూడదని అడిగారు (27వ అధ్యాయం). మోషే వాళ్లను తగ్గించుకోమనలేదు. వాళ్ల మాటను దేవుని దగ్గరికి తీసుకెళ్లాడు. వాళ్లు చెప్పింది న్యాయమే అని దేవుడన్నాడు. సాత్వికుడైన నాయకుడు ఎలా వింటాడో చూడాలంటే ఆ అధ్యాయమే చదవాలి. ఇక పౌలు సంగతి. ఫిలిప్పీ జైలు నుంచి రహస్యంగా పంపించేయాలని చూస్తే, అధికారులే స్వయంగా వచ్చి తీసుకెళ్లాలన్నాడు (అపొ. 16:37). కాబట్టి లెక్క అడగటం గర్వం కాదు అక్కా.

సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) 1947 సెప్టెంబర్ 27న ఏర్పడింది. అందులో తొలి మహిళా బిషప్ 2013లో మన తెలుగు నేలలోనే వచ్చారు, నంద్యాల అధ్యక్ష మండలానికి పుష్పలలిత గారు. మధ్యలో 66 ఏళ్లు. ఆ ఏళ్లన్నీ ఎంతమంది అక్కలకు "తగ్గించుకోండి" అని చెప్పి ఉంటారో.

ఈసీఐఎల్ సోదరుడు (మంగళవారం, రాత్రి 10:15)

చెల్లి రాసింది చదివాక మా ఒంగోలు వైపు సంగతి గుర్తొచ్చింది. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మాకు చిన్నప్పటి నుంచి చెప్తారు. ఆ సంఖ్య అందరికీ తెలుసు. దానికి ముందు సంగతి ఎవరూ చెప్పరు. 1876 నుంచి 78 దాకా ఘోరమైన కరువు. మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చారు. బోధకులు అక్కడ పని చూసుకుంటూ, కూలీలు అలసి కూర్చున్నప్పుడు ప్రభువు సంగతులు చెప్పేవారు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు ఉన్నన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశారు.

అంతకంటే ముందు యర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ ఇంటి మనిషి. ఆయన, ఆయన భార్య 1866లో బాప్తిస్మం తీసుకున్నారు. ఊరూరా తిరిగి తనవాళ్లకు చెప్పిన తొలి మనిషి. ఆయనకు ఎవరూ పదవి ఇచ్చి పంపలేదు. నది ఒడ్డున నిలబడ్డవాళ్లను అందరూ గుర్తుపెట్టుకున్నారు, కాలువ మట్టిలో నడిచినవాళ్ల పేర్లు మా నాన్నకు కూడా తెలియవు.

ఒకప్పటి గాయకుడు (బుధవారం, రాత్రి 12:40)

రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకుంటూ ఇప్పుడు రాస్తున్నాను.

నేను ఒక పెద్ద సంఘంలో ఆరాధన నడిపించేవాణ్ణి. 24 ఏళ్లకే మైకు చేతికిచ్చారు. మారుమనస్సు పొంది ఏడాది కూడా కాలేదు. గొంతు బాగుంది, అంతే. రెండేళ్లలో పండగలకు ఫ్లెక్సీల మీద నా ఫోటో పడింది. మొదటిసారి నాచారం చౌరస్తాలో నా ఫ్లెక్సీ చూసినప్పుడు బండి పక్కన ఆపి పది నిమిషాలు చూశాను. రెండోసారి ఫోటో చిన్నగా వేశారని ప్రింటింగ్ చూసుకునే తమ్ముడి మీద అరిచాను. ఆ తమ్ముడు రాత్రంతా మెలకువగా ఉండి దాన్ని కట్టాడు. వేళ్లకు తీగ గీసుకుని ప్లాస్టర్ ఉంది. నేను ఆ చేతులు చూడలేదు, నా ఫోటో చూశాను.

తర్వాత శాలువాలు మొదలయ్యాయి. ఏ మీటింగుకు వెళ్లినా ఒక శాలువా. ఇంట్లో బీరువా పై అర నిండింది. ఆ రోజుల్లో ఒంటరిగా ప్రార్థన చేసిన గుర్తు నాకు లేదు. స్టేజీ మీద కళ్లు మూసుకుని కన్నీళ్లు కార్చేవాణ్ణి, ఇంట్లో మోకాళ్లు వంగేవి కావు. ఎవరూ అడగలేదు. అడిగే చోటు నాకు ఎవరూ పెట్టలేదు, నేనూ పెట్టుకోలేదు. చివరికి డబ్బు విషయంలో తప్పు చేశాను. చిన్న మొత్తమే. ఆపేశారు. ఆపినందుకు ఇప్పుడు దేవునికి స్తోత్రం చెప్తాను, అప్పుడు వాళ్లను శపించాను.

1 తిమోతి 3:6 అప్పుడు ఎవరైనా నాకు గట్టిగా చదివి వినిపిస్తే బాగుండేది. "అతడు గర్వాంధుడై... క్రొత్తగా చేరినవాడై యుండకూడదు." నన్ను నిలబెట్టినవాళ్లు ఆ వచనం చదవలేదని కాదు. గొంతు అవసరమైంది.

తమ్ముడూ, ఆ అబ్బాయి వాక్యం చెప్పినప్పుడు నీకు ఆమెన్ రాలేదన్నావు. అది నీకు తెలిసింది. నాకు ఆరేళ్ల పాటు తెలియలేదు. వెళ్లి ఆ అబ్బాయితో చెప్పు. ఆలస్యం చేయకు.

కాపరి ఇల్లాలు (బుధవారం, ఉదయం 6:15)

అన్నా, ఇంత రాత్రి ఒంటరిగా కూర్చుని ఇది రాశారు. మా ఇంటి ప్రార్థనలో ఈ రోజు మీ కోసం, ఆ ఫ్లెక్సీ కట్టిన తమ్ముడి కోసం ప్రార్థించాం. మీకు వీలైతే ఎప్పుడైనా మా షెడ్డుకు రండి. మైకు లేదు మాకు. అందరూ కలిసే పాడతాం.

గన్‌ఫౌండ్రీ విశ్వాసి (బుధవారం, సాయంత్రం 7:00)

నేను కథోలికుణ్ణి, ఇక్కడ రాయొచ్చో లేదో తెలియక ఆగాను. మా దగ్గర పవిత్ర గురువారం సాయంత్రం గురువు పన్నెండు మంది పాదాలు కడుగుతారు. ఒక ఏడాది ఆ పన్నెండు మందిలో మా నాన్నను కూర్చోబెట్టారు. నాన్న మేస్త్రీ పని చేసేవాడు. సిమెంటు తిని మడమలు పగిలి ఉండేవి. ఆ రోజు మధ్యాహ్నం నుంచి రాయి పెట్టి రుద్దుకుంటూనే ఉన్నాడు, సిగ్గుపడి. తీరా గురువుగారు వంగి కడిగి, ఆ పగుళ్లు చూసి ఒక్క క్షణం ఆగి, తువాలుతో నెమ్మదిగా అద్దారు, రుద్దకుండా. నాన్న చనిపోయేదాకా ఆ "అద్దడం" గురించే చెప్పేవాడు.

2013 మార్చి 28న పోపు ఫ్రాన్సిస్ రోమ్‌లో బాలనేరస్థుల జైలుకు వెళ్లి అక్కడి పిల్లల పాదాలు కడిగారు. పోపుగా ఎన్నికై అప్పటికి పదిహేను రోజులే. వాళ్లలో అమ్మాయిలు ఉన్నారు, ముస్లింలు ఉన్నారు. 2016లో ఆ ఆచారంలో స్త్రీలను కూడా కూర్చోబెట్టేలా నియమమే మార్చారు. కూకట్‌పల్లి చెల్లికి ఇది చెప్పాలనిపించింది.

యోహాను 13లో నన్ను ఎప్పుడూ ఆపేసే చోటు వేరు. ఆ రాత్రి ఇస్కరియోతు యూదా ఇంకా గదిలోనే ఉన్నాడు. ప్రభువు అతని పాదాలు కూడా కడిగాడు. నన్ను మోసం చేసేవాడని తెలిసిన మనిషి ముందు వంగడం నాకు ఇప్పటికీ రాదు.

వేదాంత విద్యార్థి (బుధవారం, రాత్రి 8:20)

అన్నయ్యా, తువాలు గురించి ఒక్క మాట కలుపుతాను. "దీనమనస్సు అను వస్త్రము ధరించుకొని" అని 1 పేతురు 5:5లో ఉంది కదా. అక్కడ గ్రీకులో వాడిన మాటకు అర్థం పనివాడు పైబట్టను ముడివేసి కట్టుకోవడం. "నా పాదాలు ఎన్నడూ కడగకూడదు" అన్న పేతురే ముసలితనంలో ఆ మాట రాశాడు. ప్రభువు నడుముకు తువాలు కట్టుకున్నది పేతురు కళ్లలో అలాగే ఉండిపోయిందని నాకనిపిస్తుంది.

ఉప్పల్ తమ్ముడు (గురువారం, రాత్రి 10:50)

అన్నీ రెండేసి సార్లు చదివాను. మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. కాపరి ఇల్లాలు అక్క అడిగిన ప్రశ్న దగ్గర ఆమె నవ్వలేదు, మాట్లాడలేదు. ఫోన్ పక్కన పెట్టమంది. తర్వాత రెండు గంటలు మాట్లాడుకున్నాం. అందులో ఇక్కడ రాయగలిగేది ఒక్కటే. "నువ్వు చర్చిలో అందరి కష్టం వింటావు, ఇంట్లో నేను చెప్తుంటే ఫోన్ చూస్తావు" అంది. నిజమే.

పెద్దాయన గారూ, ఒక్కటి అడగాలి. నేను పెద్దనయ్యాక దారి తప్పుతున్నానని నాకు ఎలా తెలుస్తుంది? గాయకుడు అన్నకు ఎవరూ చెప్పలేదన్నారు.

రైల్వే పెద్దాయన (శుక్రవారం, ఉదయం 5:20)

బాబూ, ఇంజన్‌లో ఇద్దరుంటారు. లోకో పైలట్, అసిస్టెంట్. సిగ్నల్ కనబడగానే ఇద్దరూ నోటితో పలకాలి. నేను పచ్చ అంటే సరిపోదు, అసిస్టెంట్ తన కళ్లతో చూసి పచ్చ అనాలి. ఎంత సీనియర్ అయినా, ఆ లైను మీద వెయ్యిసార్లు నడిపినా పలకాల్సిందే. ఎందుకంటే మనిషి కన్ను తాను చూడాలనుకున్న రంగే చూస్తుంది. అలసిపోయినప్పుడు మరీను. ఒక చలికాలం రాత్రి పొగమంచులో నేను పచ్చ అన్నాను. పక్కనున్న కుర్రాడు ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. "సార్, ఎరుపు" అన్నాడు. గొంతు వణికింది, అయినా అన్నాడు. బ్రేకు వేశాను. ఎరుపే.

ఆ కుర్రాడు భయపడి ఊరుకుని ఉంటే? నేను అంతకుముందు వాణ్ణి ఒకసారి కసిరి ఉంటే, వాడు ఊరుకునేవాడే. నాయకుడి తగ్గింపు నాకు అక్కడ అర్థమైంది. నీ పక్కనున్న చిన్నవాడు "ఎరుపు" అనగలగాలి. దానికి నువ్వు ముందు నుంచే అతనికి చోటు ఇచ్చి ఉండాలి. ఎరుపు కనబడ్డ రోజున ఇద్దామంటే కుదరదు.

ఉజ్జియా రాజు సంగతి 2 దినవృత్తాంతములు 26లో చదువు. "అతడు స్థిరపడిన తరువాత అతడు మనస్సున గర్వించి చెడిపోయెను." కష్టంలో ఉన్నప్పుడు కాదు, స్థిరపడ్డాక. యాజకుల పని తానే చేయబోతే ఎనభై మంది యాజకులు ఎదురు నిలబడి చెప్పినా వినలేదు.

ఇద్దరిని వెతుక్కో. ఒకరు నీకంటే పెద్ద, ఒకరు నీకంటే చిన్న. నెలకోసారి వాళ్ల ముందు కూర్చుని నీ ప్రార్థన ఎలా ఉంది, డబ్బు ఎలా ఉంది, ఇల్లు ఎలా ఉంది అని అడగమను. ఆ చిన్నవాడు ఎవరో నాకు తోస్తోంది, నీకూ తోచే ఉంటుంది.

ఉప్పల్ తమ్ముడు (తర్వాతి గురువారం, రాత్రి 9:30)

అందరికీ వందనాలు. ఈ వారం జరిగింది చెప్తాను.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆ అబ్బాయిని గేటు బయట టీ కొట్టు దగ్గరికి తీసుకెళ్లాను. చెప్పాను. "నువ్వు వాక్యం చెప్పిన రోజు నాకు అసూయ కలిగింది, ఆమెన్ అనలేకపోయాను, క్షమించు" అన్నాను. చెప్తుంటే చెవులు వేడెక్కాయి. వాడు గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అన్నా, ఆ రోజు నేను మీ ముఖమే చూస్తూ చెప్పాను, మీరు ఆమెన్ అనలేదని తప్పు చెప్పానేమో అనుకున్నాను, అప్పటి నుంచి వాక్యం చెప్పమంటే వద్దంటున్నాను" అన్నాడు. నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. నా ఒక్క ఆమెన్ లేక వాడు ఒక నెల ఆగిపోయాడు. ఇప్పుడు మంగళవారాలు పొద్దున ఆరింటికి ఇద్దరం కలిసి ప్రార్థన చేస్తున్నాం. ఎరుపు అని చెప్పే హక్కు వాడికి ఇచ్చాను.

పాస్టరుగారితో ఈస్టర్‌కు వద్దు, ఇంకో ఏడాది ఇవ్వండి అన్నాను. తలుపు దగ్గర ఆగే సంగతి కూడా చెప్పాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "నేనూ మొదటి పదేళ్లు ఆగాను" అన్నారు. కూకట్‌పల్లి అక్క రాసింది కూడా ఆయనకు చూపించాను. మా కమిటీలో ఆడవాళ్లు ఎవరూ లేరు. నేను ఇన్నేళ్లుగా అది గమనించలేదు. వచ్చే మీటింగులో మాట్లాడదాం అన్నారు. నా పెద్దరికం కంటే ముందు ఆ సంగతి తేలాలని అడిగాను.

రానిది నేర్చుకో అన్నారు కదా పెద్దాయన గారూ. మా చర్చి వాచ్‌మన్ తాత శనివారం ఒక్కడే జంపఖానాలు దులిపి పరుస్తాడని ఇన్నాళ్లూ నాకు తెలియదు. ఆదివారం వచ్చేసరికి పరిచి ఉండేవి, కూర్చునేవాణ్ణి. మొన్న శనివారం వెళ్లాను. దులపడం కూడా నాకు రాలేదు. ఒక చివర తాత, ఒక చివర నేను పట్టుకున్నాం. "గాలి వచ్చే వైపు నిలబడు బాబూ, లేకపోతే దుమ్మంతా నీ ముఖాన పడుతుంది" అన్నాడు. ఒక మూల పాత మరక ఉంది, ప్రభురాత్రి భోజనం రోజు ఎవరి చేతిలోనో ద్రాక్షరసం ఒలికిందట. ఏ కుటుంబం ఎక్కడ కూర్చుంటుందో, ఎవరికి మోకాళ్ల నొప్పో, ఎవరికి గోడ ఆనుకునే చోటు కావాలో తాతకు అన్నీ తెలుసు. నూట యాభై మంది సంగతి నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు.

ఈ శనివారం పదకొండు జంపఖానాలు ఉతకాలి. తడిస్తే చాలా బరువు, మేడ మీదికి మొయ్యడానికి మేం ముగ్గురం చాలం. ఉప్పల్ దగ్గర్లో ఎవరైనా ఉంటే రండి.

ఒకప్పటి గాయకుడు (గురువారం, రాత్రి 9:52)

నాచారంలో ఉంటాను. ఎన్నింటికి రమ్మంటావు?

ఉప్పల్ తమ్ముడు (గురువారం, రాత్రి 9:55)

ఏడింటికి అన్నా. ఎండ రాకముందే ఆరేయాలంటాడు తాత.